చర్చి వెనక వీధికి ఎనిమిది దినాలు

పేరు రాయొద్దు పాపా. పేరు వాళ్లే వేసుకుంటారు, బొమ్మ కింద, పెద్ద అక్షరాల్లో. నువ్వు ‘ఆయన’ అని రాయి, చాలు. నా మాటలు కొంచెం పుస్తకంలో ఉండే మాదిరి సర్ది రాయి, మీ టీచరు చూసినా తప్పు పట్టకుండా. మనుషులు అన్న మాటలు మాత్రం సర్దొద్దు. ఎవరి నోట్లో ఎట్లా వచ్చిందో అట్లే ఉండాలి.

నిన్న ఆయన కొడుకు వచ్చాడు గదా, నువ్వు బడి నుంచి వచ్చేసరికి గడప బయట నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. చెప్పులు విప్పాలంట, మళ్లీ వేసుకోవాలంట, ఆలస్యమంట. వాళ్ల నాయన కూడా అంతే, ఎవరింటి గడప దగ్గరైనా చెప్పులే అడ్డం వచ్చేవి.

“అత్తా, నాయన పోయినాడని తెలుసు గదా. పెద్దకర్మ రోజు సిన్న పుస్తకమొకటి పంచుతాండాము. నాయనతో మెలిగినోళ్లు తలా నాలుగు మంచి మాటలు రాసిస్తాండారు. నువ్వు మా వరండాలో అన్నేండ్లు కూసోనుంటివి. నీకన్నా ఎవురికి తెలుసు? రాసి షాపు కౌంటర్లో ఇచ్చేస్తే సాలు” అన్నాడు.

నిజమే. నాకన్నా ఎవరికీ తెలీదు. అట్ట మీద ఏం వేస్తున్నారో కూడా చూపించాడు. ఆయన బొమ్మ. కింద ఆయన ఎప్పుడూ అనే మాట: ‘బట్టకు కులం లేదు.’ అట్ట తిప్పి వాడి చేతిలోనే పెట్టేశాను. అందుకే రాయమంటున్నా. లేకపోతే పోయినవాళ్ల ఊసు మనకెందుకు?

తిరుపతి స్టేషన్ వెనక సందులో ఆయన డ్రైక్లీనింగ్ షాపు. ముందర వరండా. ఆ వరండా మూలలో నా కుట్టుమిషను. చీరలకు ఫాల్ వేసేదాన్ని, అంచు జిగ్‌జాగ్ కొట్టేదాన్ని, చిరిగిన చోట రఫ్ఫు చేసేదాన్ని. చీర ఉతకడానికి ఇచ్చేవాళ్లు ఫాల్ ఊడి ఉంటే నా దగ్గరికి వచ్చేవాళ్లు. ఆయనకు గిరాకీ, నాకు గిరాకీ. మీ అమ్మ ఇంటర్ చదివేటప్పుడు మొదలుపెట్టాను, మీ అమ్మ పెళ్లి దాకా ఆడే ఉన్నాను.

ఆయన ఎప్పుడూ తెల్లబట్టలే. పొద్దున గంధం బొట్టు పెట్టుకుని వస్తే సాయంత్రం దాకా అది చెరగదు, చొక్కా నలగదు. ఊళ్లో వాళ్ల మురికంతా చేతిలో పట్టుకునే మనిషి అంత తెల్లగా ఎట్లా ఉంటాడో అని నాకు మొదట్లో ఆశ్చర్యంగా ఉండేది. తర్వాత తెలిసింది, ఆయన అన్ని బట్టలూ చేత్తో పట్టుకోడు. ఒక ఇనప హ్యాంగర్ విరిచి కొక్కెం చేసి కౌంటర్ కింద పెట్టుకున్నాడు. కొన్ని బట్టలు వస్తే రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకునేవాడు, కొండ మీద శేషవస్త్రం అందుకున్నట్టు. కొన్ని బట్టలు వస్తే కొక్కెంతో లేపేవాడు. మరక ఎక్కువున్నవి కొక్కెంతో, తక్కువున్నవి చేత్తో అనుకున్నాను. చూడగా చూడగా అదీ కాదని తెలిసింది. సాంబారు ఒలికిన పట్టు పంచె చేత్తో. పాలమాదిరి తెల్లగా ఉన్న నర్సమ్మ కోటు కొక్కెంతో.

ఆయన ముక్కు గురించి రాయి. దాన్ని రాయకపోతే ఆయన్ని రాసినట్టే కాదు. ఏ బట్ట వచ్చినా వాసన చూసేవాడు. చంకల దగ్గర, మెడ దగ్గర, ఇచ్చిన మనిషి ఎదురుగ్గానే. చూసి ‘మూడు దినాలు’ అనేవాడు, లేదా ‘నాలుగు’ అనేవాడు, డాక్టరు జ్వరం చూసి చెప్పినట్టు. మనిషి మెట్లు దిగి పోయాక నా వైపు తిరిగి మొదలుపెట్టేవాడు.

“అక్కా, ఈ లాయరు మూడు దినాలుగా ఇంట్లో పండుకోలేదు. కోటు సెప్తాండాది.”

“ఆ లెక్చరరమ్మ సెంటు సూడు. మొగుడు కొనిచ్చింది గాదది.”

పక్కకు తిరిగి నేను మిషను తొక్కేదాన్ని, గట్టిగా, ఆ మాట వినపడకుండా. ఆయన ఆగేవాడు కాదు. బట్టకు నంబరు పీలిక గుచ్చే పిన్నీసుతో చెవి గోక్కునేవాడు, దాన్ని చూసుకుని అదే పిన్నీసు మళ్లీ బట్టకే గుచ్చేవాడు. అది నేను చూశానని తెలిసినా ఏమీ అనుకోడు. సిగ్గు అనేది కూడా మరకేననుకుంటా ఆయనకు, ఎప్పుడో తీసేసుకున్నాడు.

మంచి ఏమీ లేదా అని అడుగుతావు. ఉంది, రాయి. తుప్పు మరకో, కాఫీ మరకో, వక్కాకు మరకో వాసనతో చెప్పగలడు. ఎండాకాలం టేబుల్ ఫ్యాను నా వైపు తిప్పేవాడు. “నువ్వు సల్లగుండక్కా, నాకు పర్వాలేదు” అనేవాడు. ఆ ఫ్యానుకు ఎన్నేళ్లు మురిసిపోయానో.

కొత్తగా వచ్చిన మనిషిని ఆయన అడిగే పద్ధతి వేరే. పేరు అడగడు ముందు. “యాడమ్మా మీది?” అంటాడు. టౌన్ పేరు చెబితే “అది సరే, సొంతూరు?” అంటాడు. చంద్రగిరి దగ్గర అంటే “ఊర్లోనా, బయటా?” అంటాడు. అప్పటికీ తేలకపోతే, “ఎవురి తాలూకా?” నవ్వుతూనే, తియ్యగా. తేలిన తర్వాత చెయ్యి ముందుకు రావాలో కొక్కెం ముందుకు రావాలో ఆయనకు తెలిసిపోయేది. ఇంత అయ్యాక ఆ మాట అనేవాడు.

“బట్టకు కులం లేదక్కా. మాసితే ఉతికేది, ఉతికితే కట్టేది. అంతే లోకం.”

రోజుకు నాలుగైదు సార్లు అనేవాడు. విన్నవాళ్లు తలలూపేవాళ్లు. ఒక పంతులు అయితే ‘మంచి మాట చెప్పినావప్పా’ అని భుజం తట్టాడు.

కంప్యూటర్లు ఊరంతా వస్తున్న కాలం. ఈయన కూడా తెప్పించాడు. మద్రాసు నుంచి ఒక పిల్లగాడు, సన్నగా, కళ్లజోడు, దాంట్లో సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి వచ్చాడు. తెలుగు సగం, అరవం సగం. కౌంటర్ మీద ఆ పెట్టె పెట్టి, ఈయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే అడిగాడు. ఏ బట్టకు ఎన్ని దినాలు? అది ఒకసారి చెబితే చాలంట. తర్వాత ఎవరు బట్ట తెచ్చినా, చీటీ మీద ఏ రోజు ఇస్తారో కంప్యూటరే వేసేస్తుందంట.

ఈయన కాలు మీద కాలేసుకుని చెప్తున్నాడు. చొక్కాకు రెండు. కోటుకు మూడు. పట్టుచీరకు మూడు. శాలువకు నాలుగు. రాజు తీర్పులు చెప్పినట్టు చెప్పాడు. అన్నీ అయ్యాక వేలితో తెర మీద చూపించి అన్నాడు.

“ఈడ ఇంగొక గడి పెట్టప్పా. వీధి.”

“వీధియా? ఎదుక్కు సార్?” అన్నాడు ఆ పిల్లగాడు.

“వీధిని బట్టి దినాలు మారల్ల.”

“ఓ, డెలివరీ దూరమా సార్?”

“అదే, అదే. దూరం.”

నేను దారం కొరుకుతూ విన్నాను. ఆ షాపులో ఇంటికి తెచ్చిచ్చే పద్ధతే లేదు పాపా. ఎవరి బట్ట వాళ్లే వచ్చి తీసుకుపోవాలి. మరి దూరమెందుకు? పైగా ఆయన చెప్పిన వీధులు నాలుగైదు, అన్నీ దగ్గరివే. వాటిలో మొట్టమొదటిది మనది, చర్చి వెనక వీధి. ఆ వరండాలో నిలబడి కూతేస్తే మీ తాతకు వినపడే దూరం. ఏ బట్టయినా సరే, ఆ వీధులకు ఎనిమిది దినాలు.

ఆ పిల్లగాడు పోయాక అడిగాను. “ఏమప్పా, మా వీధికి ఎనిమిది దినాలెందుకు?”

“మీ తావున జనం బట్ట యేసి పోతే మళ్లీ తొందరగా రారక్కా. ముందే ఉతికి పెట్టుకుంటే దుమ్ము పడతాది గదా. మీ మంచికే.”

సరే అనుకున్నాను. పూర్తిగా సరే అనుకోలేదు, కానీ మనకు డ్రైక్లీనింగ్‌కు వేసేంత బట్టలెక్కడివి? ఫాలు పని నాది, ఉతుకు పని ఆయనది.

తర్వాత మీ అమ్మ పెళ్లి కుదిరింది. ‘అమ్మా, నీ పెళ్లి చీరే కట్టుకుంటా’ అని పట్టుబట్టింది. తెల్ల కంచిపట్టు, మా నాయన వాయిదాల మీద కొన్నది. ఇనప పెట్టెలో మడత పెట్టి ఉంచాను. తీసి చూస్తే మడతల మీద పసుపు తేలి ఉంది, పైటకొంగు మీద అర్ధరూపాయంత తుప్పు మరక. మీ అమ్మ మొహం వాడిపోయింది. “ఏం బాధపడొద్దు, మనకు ఆయన ఉన్నాడు, తుప్పు మరక ఆయనకు లెక్కే కాదు” అని నేనే ధైర్యం చెప్పాను.

తీసుకుపోయి ఇచ్చాను. ఆయన లేడు ఆ సమయానికి. కౌంటర్లో కొత్తగా చేరిన పాప కంప్యూటర్లో నా పేరు, వీధి కొట్టింది. చీటీ బయటికి వచ్చింది. చూస్తే పెళ్లికి ముందు రోజు తేదీ.

“పట్టుకు మూడు దినాలు గదమ్మా?” అన్నాను.

“నాకు తెల్దత్తా. అది ఏం సూపిస్తే అది.”

ఆయన వచ్చాక చీటీ చూపించాను. నిట్టూర్చాడు. “ఏం సేసేదక్కా, కంప్యూటరు మాట. నా సేతిలో ఏముండాది? నీ బట్టంటే మా ఇంటి బట్ట గాదా. పెండ్లికి ముందే వస్తాది గదా, ఇంగేం భయం?” అన్నాడు. ఆ గడిలో ఎనిమిది కొట్టించిన వేలు ఆయనదే. అదే వేలితో గంధం బొట్టు సర్దుకున్నాడు. ఇంటికి వచ్చి మీ అమ్మకు చీటీ చూపించాను. రోజూ దాన్ని తీసి చూసుకునేది. ముందు రోజు రాకపోతే? వచ్చినా మరక పోకపోతే? పెళ్లివాళ్లకు ఏం చెప్పాలి? దానికి నిద్ర లేదు, నాకూ లేదు.

ఇప్పుడు చంద్రగిరి పెద్దాయన గురించి రాయి. మామిడితోటలున్న మనిషి, ఈయన షాపుకు పాత గిరాకీ. ఆయన వస్తున్నాడంటే ఈయన కౌంటర్ దాటి ఎదురుపోయేవాడు. ఆ సంవత్సరం కొడుకుల చదువుకని తిరుపతిలో ఇల్లు బాడుగకు తీసుకున్నాడు. దొరికింది మన వీధి మొగదలలో, కొత్తగా కట్టిన మేడ. పాపం, ఆయనకేం తెలుసు. కొండ మీద పెళ్లికని పట్టుపంచె, ఉత్తరీయం డ్రైవరు చేత పంపించాడు. కౌంటర్ పాప అడిగింది, డ్రైవరు కొత్త ఇంటి వీధి చెప్పాడు.

మూడో రోజు పెద్దాయనే వచ్చాడు. ఈయన లోపల అన్నం తింటున్నాడు.

“ఏమ్మా, మా పంచె ఇయ్యి.”

ఆ పాప తెర చూసింది, చీటీ చూసింది. “ఇంగా కాలేదు సార్. మీకు ఎనిమిది దినాలు సూపిస్తాండాది.”

“ఎవురు సూపిస్తాండారు?”

“కంప్యూటరు సార్.”

“దాన్ని పిలువు, నేను మాట్లాడతా.”

నాకు నవ్వొచ్చింది. మిషను మీదకి తల వంచుకున్నాను. ఆ పాప ఏడుపు మొహం పెట్టింది. అప్పుడు మొదలయింది. “రేపు పొద్దున కొండ మీద పెండ్లి. నేనేం తుండుగుడ్డ కట్టుకోని పోవల్లనా? ఇన్నేండ్లుగా మూడు దినాల్లో ఇస్తాండారు, ఇప్పుడు నాకేమొచ్చె? నేనేమన్నా అడుక్కోను వచ్చినానా?” సందులో పోయేవాళ్లు ఆగారు.

ఈయన చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా పరిగెత్తుకుని వచ్చాడు. మూతికి మెతుకు. “సార్, సార్, పొరపాటు సార్. కంప్యూటరు...”

“కంప్యూటరు నీదా, నాదా? ఎనిమిది దినాలు ఎందుకు పెట్టినావు, సెప్పు.”

“మీకు గాదు సార్. మీ వీధికి.”

“మా వీధికేమొచ్చె?”

పాపా, ఆ సమయంలో ఆయన మొహం నువ్వు చూడాల్సింది. నా వైపు చూశాడు. ఫ్యాను నా వైపే తిరుగుతోంది. పైకి చెప్పలేడు, చెప్పకుండా ఉండలేడు. చివరకు పెద్దాయన చెవి దగ్గరకు పోయి, చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసలాడాడు. పెద్దాయన వింటున్నాడు. వింటూ ఉంటే ఆయన మీసాల కింద నుంచి నవ్వు బయలుదేరింది. పగలబడి నవ్వాడు.

“అట్లనా! ముందే సెప్పద్దా! మంచి పనే సేసినావు. నన్నెందుకు కలిపినావప్పా, ఆ జనంలో?”

ఆ జనంలో. మన వీధిలో ఉండేదెవరు? ఊరి బయట వాడల నుంచి వచ్చి టౌన్‌లో రూపాయి రూపాయి పేర్చి ఇల్లు కట్టుకున్న దళితులం, క్రైస్తవ మిషనరీల బళ్లో చదువుకున్న టీచర్లు, ఆస్పత్రి నర్సులు, రైల్వే వాళ్లు. ఆయన చెప్పిన మిగతా వీధులన్నీ తలుచుకున్నాను. అన్నీ మనవే. కొక్కెం గుర్తుకొచ్చింది, ‘ఊర్లోనా, బయటా’ గుర్తుకొచ్చింది. తెలియదా నాకు? తెలుసు. పుట్టినప్పటినుంచీ తెలుసు. కానీ నా కూతురి పెళ్లిచీర చీటీ మీద తేదీ కూడా అదేనని ఆ నవ్వు విన్నాకే తెలిసింది.

లేచాను. షాపు వెనక షెడ్డులోకి పోయాను. బట్టలు ఉతికే మిషను ఆడ ఉంటుంది. నగరి నుంచి వచ్చిన మనిషి ఒకాయన దాన్ని నడిపేవాడు. ఆడ పవర్‌లూమ్ పని పోయి ఈడ చేరాడు. మూల బట్టలు కుప్పగా ఉన్నాయి, ప్రతిదానికీ తెల్లదారం కట్టి ఉంది. కుప్పలో మన వీధి టీచరు గారి కోటు. నర్సమ్మ శాలువ. పాస్టరు గారి నల్లంగీ. అడుగున నా చీర కొంగు.

“ఇవెందుకప్పా ఈడ పడేసినారు?” అన్నాను.

ఆయన తలుపు వైపు ఒకసారి చూశాడు. “దినాలు నిండల్ల గదక్కా.”

“దినాలు నిండితే ఏమవుతాది?”

“సూడక్కా, నేను సెప్పినానని సెప్పద్దు. ఇది నీళ్లతో ఉతికేది గాదు గదా, ఆయిలు. వారానికొకసారి కొత్త ఆయిలు పోస్తాం. మొదట పెద్దోళ్ల పట్టు. తర్వాత కోట్లు, సొక్కాలు. వారమంతా అదే ఆయిలు తిరగతా ఉంటాది. కడాన ఎట్లయిపోతాదంటే...” మూత తీసి చూపించాడు. వారం రోజులు బజ్జీలు వేసిన నూనె మాదిరి, నల్లగా, అడుగున మడ్డి. “దాంట్లో ఈ తెల్లదారమోళ్లవి ఏస్తాం. ఏసి, ఇంగ ఆయిలు పారేస్తాం.”

“ఇవి ముందే ఏస్తే?”

“అయ్యో, వాళ్ల పట్టు దీని తర్వాత ఏస్తే ఒప్పుకుంటారా అక్కా?” అని, నేనేదో అమాయకంగా అడిగినట్టు నవ్వబోయాడు. నా మొహం చూసి ఆపేశాడు. “నా సొక్కా గూడా దీంట్లోనే పోతాదిలే” అన్నాడు, ఓదార్చినట్టు.

ఇదీ ఎనిమిది దినాల సంగతి. బట్ట ఉతకడానికి కాదు. లాయరు చెమట, లెక్చరరమ్మ సెంటు, పెద్దాయన సాంబారు, ఊరందరి మురికీ ఆ ఆయిల్లో దిగేదాకా మన బట్టలు మూల కూర్చుని ఎదురుచూడటానికి. అది మద్రాసు పిల్లగాడితో కంప్యూటర్లోకి ఎక్కించి, పైన ‘దూరం’ అని పేరు పెట్టాడు. నా చీర కొంగు పట్టుకుని లాగాను.

ఈలోగా ఆయన వచ్చేశాడు, మూతి మీద మెతుకుతోనే.

“అక్కా, నువ్వెందుకు ఈడికి? కంపు ఈడంతా. దా, బయటికి దా.”

“నా సీర తీసుకోని పోతాండా.”

“అయ్యో! నిన్ను ఆ లెక్కలో యేస్తానా అక్కా నేను? ఆ పాపకు తెలీక కొట్టింది. నీది ఇప్పుడే మార్పిస్తా. రేపే ఇస్తా. కొత్త ఆయిల్లో, అందరికన్నా ముందు నీదే. తుప్పు మరక నా సేత్తో నేనే తీస్తా. సరేనా?”

ఆశ పుట్టలేదని చెప్పను. మరక తీయగలిగిన చెయ్యి ఊళ్లో అదొక్కటే. మీ అమ్మ మొహం కళ్లముందు ఉంది. కొంగు నా చేతిలో ఉంది, మిగతా చీర ఆ కుప్ప కింద ఉంది.

“మరి వీళ్లయి?” అన్నాను, కుప్పను చూపించి.

“వీళ్లయి నీకెందుకక్కా?”

అంతే అన్నాడు. నిజంగానే అర్థం కాక అడిగాడు. దానికి నా దగ్గర జవాబు ఉందని ఆయన అనుకోలేదు. నేను కుప్ప మీదికి వంగి, ఒక్కొక్కటే తీశాను. నా చీర, టీచరు కోటు, నర్సమ్మ శాలువ, పాస్టరు అంగీ, నాకు తెలిసినవాళ్లవన్నీ. రెండు చేతుల నిండా అయ్యాయి. ఆయన ‘సీటీ లేకుండా ఇయ్యకూడదక్కా, కంప్యూటర్లో లెక్క తప్పుతాది’ అంటూ నా వెనకే వచ్చాడు. కానీ నా చేతిలో నుంచి లాక్కోలేదు. ఎందుకు లాక్కుంటాడు? లాక్కోవాలంటే ముట్టుకోవాలి గదా. కొక్కెం కౌంటర్ కింద ఉండిపోయింది.

ఆ సాయంత్రమే మీ తాత వచ్చి నా మిషను మోసుకుపోయాడు. ఫ్యాను సంగతి ఆ దారిలో తట్టింది నాకు. అన్నేళ్లూ ఆ గాలి ఆయన దగ్గర నుంచి నా మీదికి వచ్చింది. నా మీద నుంచి ఆయన మీదికి ఒక్కరోజూ పోలేదు. చల్లగా ఉండమని కాదేమో పాపా. ఇది నా అనుమానమేనని రాయి, అబద్ధం రాయొద్దు.

వీధిలో చెప్పాను. పదిమంది కలిసి పోయి అడిగారు. టీచరు గారు కోటు వేసుకునే పోయాడు. ఆయన చేతులు జోడించాడు. సాఫ్ట్‌వేర్ పొరపాటన్నాడు, మద్రాసు వాళ్లు చేసిన పనన్నాడు, తనకే తెలియదన్నాడు. వాళ్ల ఎదురుగానే ఆ గడి తీయించాడు. అప్పటినుంచి ఊరందరికీ పట్టుకు మూడే దినాలు. అందరూ సంతోషంగా తిరిగొచ్చారు. కొన్నాళ్లకు నగరి మనిషి బజార్లో కనిపించి చెప్పాడు, పారబోసే ఆయిలు ఇప్పుడు పారబొయ్యడం లేదంట, విడిగా డ్రమ్ములో పట్టి పెడుతున్నారంట. తెల్లదారం బట్టలు దాంట్లో వేసి, మూడో దినానికల్లా చెప్పిన టైముకు ఇచ్చేస్తున్నారంట. దినాలు సమానం చేశాడు. ఆయిలు మాత్రం చెయ్యలేదు. చీటీ మీద కనపడేది ఒకటి, కనపడనిది ఒకటి. ఆ మాట కూడా వీధిలో చెప్పాను. కొందరు మానేశారు. కొందరు ‘ఇప్పుడు టైముకు ఇస్తాండాడు గదా’ అన్నారు. ఏం చెప్పేది?

చీర నేనే ఉతికాను. కుంకుడు రసంలో నానబెట్టి, మెల్లగా, బిడ్డకు తలంటినట్టు. మరక మీద నిమ్మకాయ రుద్ది నీడన ఆరేశాను. పసుపు పోయింది. తుప్పు మరక లేతబడింది కానీ పోలేదు. కొంగు మీద, ఎదురుగా. మీ అమ్మ చూసింది. జరిగిందంతా దానికి చెప్పాను గదా. “ఇట్లే కట్టుకుంటా” అంది.

పెళ్లికి ఆయన వచ్చాడు! పిలవలేదు, అయినా వచ్చాడు. తెల్లబట్టలు, గంధం బొట్టు. చర్చి బయట చెట్టు నీడలో నిలబడ్డాడు. అన్నానికి పిలిస్తే ఉపవాసమన్నాడు. తన ఎదురుగా మూత తీయించిన సోడా మాత్రం తాగాడు, సీసా పెదవికి తగలకుండా పైకెత్తి. తర్వాత పెళ్లికూతురి దగ్గరకు వచ్చి, మగపెళ్లివాళ్లు పక్కనుండగా, కొంగు వైపు వంగి చూశాడు. ఆ ముక్కు కదిలింది. చేత్తో పట్టుకోలేదు.

“ఏమక్కా, మరక పోలేదే! నాకు ఇచ్చుంటే అయిపోతా ఉండె గదా” అన్నాడు, జాలిగా, అందరికీ వినపడేట్టు.

వియ్యపురాలు కొంగు వైపు చూసింది. అప్పటిదాకా ఆమె చూడలేదు. మీ అమ్మ తల దించుకోబోయింది. నేను దాని గడ్డం కింద చెయ్యి పెట్టి ఆపాను.

“పోకుంటే పోనీలేప్పా. అది మా పెట్టె మరక. ఊరి మురికి మాత్రం అంటలేదు” అన్నాను.

ఆయనకు అర్థమయింది. నవ్వాడు. ఎప్పుడూ నవ్వే నవ్వే. “బట్టకు కులం లేదక్కా” అన్నాడు. అని సోడా సీసా గోడ మీద పెట్టి వెళ్లిపోయాడు.

వియ్యపురాలు తర్వాత అడిగింది, ఆ మాటకు అర్థమేమని. అంతా చెప్పాను. ఆమె లేచి పోయి, కొంగు మడత విప్పి, మరక పైకి కనపడేట్టు మళ్లీ సర్దింది. నువ్వు మీ నాయనమ్మ మంచిదంటావు చూడు, అప్పటినుంచే మంచిది.

ఇవే నా నాలుగు మాటలు. మంచి మాటలు అడిగాడు ఆ కొడుకు. ముక్కు మంచిదని రాశాను గదా, ఫ్యాను కూడా రాశాను. ఇంతకన్నా దొరకలేదు.

ఇప్పుడు దీన్ని మడిచి కవర్లో పెట్టి షాపు కౌంటర్లో ఇచ్చిరా. కొడుకు లోపలుంటాడు, కౌంటర్లో ఎవరో కొత్తవాళ్లుంటారు, నువ్వెవరో వాళ్లకు తెలీదు. పుస్తకంలో ఎప్పుడు వేస్తారు, ఎన్ని దినాలు పడుతుంది అని అడుగు. వాళ్లు చెప్పేదాకా ఊరుకో. చెప్పినాక, అప్పుడు చెప్పు, మనది ఏ వీధో.